భుజం నొప్పికి దవా ఉంది, ఆరామ్ ఇచ్చేవాళ్ళే కరువు



మన ఇళ్ళలో భుజం నొప్పికి ఒక దస్తూర్ ఉంది. మొదటి వారం ఎవరికీ చెప్పం. రెండో వారం జిందా తిలిస్మాత్ రాస్తాం. మూడో వారం మెడికల్ షాపు భాయ్ ఇచ్చిన నొప్పి గోలీ. అప్పటికీ తగ్గకపోతే మాలిష్ చేసే పహిల్వాన్ దగ్గరికి. అక్కడా ఫాయిదా లేకపోతే ఎంఆర్‌ఐ స్కానింగ్. ఆ రిపోర్టులో "టెండన్ చిరిగింది" అన్న ముక్క చదివి ఇంటిల్లిపాదీ పరేషాన్, ఆపరేషన్ ఖర్చుకి గాజులు తాకట్టు. ఇంత సఫర్‌లో ఒక్కరూ అడగని సవాల్ ఒకటుంది: ఆ చేతికి కాస్త ఆరామ్ ఇచ్చారా? తర్వాత మెల్లగా కసరత్ చేయించారా?

నా రాయ్ సూటిగా చెప్తాను. దెబ్బ తగలకుండా, పనివల్ల మెల్లమెల్లగా వచ్చిన మామూలు భుజం నొప్పికి ముందు చేయాల్సిన ఇలాజ్ ఆ రెండే. రెంటికీ దాదాపు పైసా ఖర్చు లేదు. అయినా మనవాళ్ళకు అందటం లేదు. గోలీ కొనిపెట్టడం మనకు సులువు, వాళ్ళ పనిలో సగం మనం పంచుకోవడం కష్టం. అసలు బీమారీ అక్కడుంది.

ఈ ఊరు ఎవరి భుజాల మీద నిలబడింది?

విశాఖ హార్బరు 1933లో తెరిచారు. 1965లో ఇనుప ఖనిజం ఎత్తే యంత్రాలు వచ్చాయి, తర్వాత కంటైనర్లు వచ్చాయి. యంత్రాలు ఎన్ని వచ్చినా గోదాముల దగ్గర, లారీల దగ్గర 50 కిలోల సిమెంట్ బస్తా భుజానికెత్తుకునేది ఇప్పటికీ మనిషే. అతన్ని ఈ ఊరు కళాసీ అంటుంది. అది మన 'ఖలాసీ'యే, ఓడల మీద పనిచేసేవాళ్ళ పేరు. ఆ లఫ్జ్ తెలుగులో కలిసిపోయింది, ఆ బరువు మాత్రం ఇంకా దిగలేదు.

1992లో జాతికి అంకితమైన ఉక్కు ఫ్యాక్టరీ వేరే రకం భుజాలను అడిగింది. తలపైకి టార్చి ఎత్తి వెల్డింగ్ చేసేవాడు, పరంజా మీద నిలబడి పెయింట్ కొట్టేవాడు, ఆటోనగర్‌లో లారీ కింద పడుకుని బోల్టులు తిప్పే మెకానిక్. ఫిషింగ్ హార్బరులో వల లాగేవాడు. మన బిరాదరీ మాట తీసుకుంటే ఫర్నిచర్ పాలిష్, ఏసీ రిపేరు, గోడలకు రంగులు, మటన్ దుకాణంలో రోజంతా కత్తి ఎత్తి దించే పని. అన్నీ భుజంతో సంపాదించే రిజ్క్‌లే.

ఇక ఇంట్లో సంగతి. కోటవీధి వంటి పాత గల్లీల్లో మేడ మీదికి బకెట్లతో నీళ్ళు మోసేదెవరు? తడి దుప్పట్లు పిండేదెవరు? అటక మీంచి దేగ్చా దించేదెవరు? రమజాన్ నెలంతా ఇఫ్తార్‌కీ సహరీకీ పొయ్యి దగ్గర నిలబడేదెవరు? అమ్మీ, భాభీ, దుల్హన్. వాళ్ళ భుజానికి హాజరు పట్టీ లేదు కాబట్టి వాళ్ళ దర్ద్‌కి సెలవు చీటీ కూడా లేదు.

నొప్పి ఎక్కడిది?

పెద్దలు "రగ్ పే రగ్ చఢ్ గయీ" అంటారు. తెలుగులో "నరం పట్టేసింది" అంటాం. నిజానికి అది నరం కాదు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు అది, డాక్టర్లు టెండన్ అంటారు. భుజం కీలు చిన్న రికాబీ మీద పెద్ద నారింజకాయ పెట్టినట్టుంటుంది. రికాబీ లోతు తక్కువ కాబట్టే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది, కాయ జారిపోయే ఖత్రా కూడా అందుకే ఉంది. జారకుండా పట్టి ఉంచేవి నాలుగు చిన్న కండరాలు. వాటి టెండన్లు కలిసి ఎముక తలను చుట్టి ఉంటాయి, ఆ కట్టుని రొటేటర్ కఫ్ అంటారు. చెయ్యి పైకెత్తిన ప్రతిసారీ వాటిలో పైనున్న టెండన్ మీద బరువు పడుతుంది.

వయసు 40 దాటాక ఆ తాడు పాతబడటం మొదలవుతుంది. షుగరు, సిగరెట్ ఉంటే మరింత. అలవాటు లేని పని ఒక్కసారిగా ఎక్కువ చేసినా, ఒకే పని ఏళ్ళ తరబడి చేసినా అది నొప్పి పెడుతుంది. గుర్తులు ఇవి: నొప్పి భుజం పైన కంటే దండచెయ్యి బయటివైపు తెలుస్తుంది. చెయ్యి పక్కనుంచి ఎత్తుతుంటే సగం దారిలో పొడుస్తుంది, ఇంకా పైకి వెళ్తే కాస్త తగ్గుతుంది. రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలితే నీంద్ హరామ్. ఇంట్లో కళ్ళు తెరిచి చూస్తే ఇంకా ముందే తెలుస్తుంది. అమ్మీ దుపట్టా సర్దుకోవడానికి రెండో చెయ్యి వాడుతుంటే, జడ వేసుకోవడానికి మనవరాలిని పిలుస్తుంటే, అబ్బా షర్టు వేసుకునేటప్పుడు పళ్ళు బిగబడుతుంటే నోరు విప్పి అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

ఆరామ్ అంటే చెయ్యి కట్టేయడం కాదు

ఇక్కడే మన దగ్గర పెద్ద గలత్‌ఫహమీ. ఆరామ్ అనగానే చెయ్యి మెడకు కట్టేసి, నెలరోజులు కదపొద్దంటారు. మామూలు టెండన్ నొప్పికి అది నుక్సాన్. కదలని భుజం బిగుసుకుంటుంది, కండరం సన్నబడుతుంది.

ఉక్కు ఊళ్ళో ఉన్నాం కాబట్టి అక్కడి మిసాల్ చెప్తాను. బ్లాస్ట్ ఫర్నేస్‌ను కొన్నాళ్ళు ఆపాల్సి వచ్చినా దాన్ని పూర్తిగా చల్లారనివ్వరు. మంట తగ్గించి నిలబెడతారు. లోపల లోహం గడ్డకట్టిందంటే మళ్ళీ రాజేయడం మహా ముష్కిల్. భుజానికి ఇచ్చే ఆరామ్ కూడా అలాంటిదే. ఒకటి రెండు వారాలు, అవసరమైతే మూడు వారాలు, నొప్పి రేపే పనులే తగ్గించాలి. భుజం ఎత్తు దాటి చెయ్యి లేపే పని, ఒంటిచేత్తో బరువు మోయడం, తడి బట్టలు పిండడం, వెనక్కి చెయ్యి చాపి లాగడం. మిగతా కదలికలు జారీ ఉండాలి. అన్నం తినడం, రాయడం, మోచెయ్యి ఒంటికి దగ్గరగా ఉంచి చేసే చిన్న పనులు అన్నీ చేసుకోవచ్చు.

పడుకునేటప్పుడు వెల్లకిలా పడుకుని దండచెయ్యి కింద చిన్న తకియా పెట్టుకోవాలి. లేదా బాగున్న పక్కకు తిరిగి, తకియాను కౌగిలించుకున్నట్టు పట్టుకుని నొప్పి చేతిని దాని మీద ఆనించాలి. రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోతే మనిషి మిజాజే మారిపోతుంది.

నమాజ్ సంగతి చాలామంది బహెన్లు అడుగుతారు. తక్బీర్‌లో చెయ్యి ఎంతవరకు లేస్తే అంతవరకే ఎత్తండి. సజ్దాకి వెళ్ళేటప్పుడు బరువు బాగున్న చేతి మీద వేసి దిగండి. బీమార్లకు కూర్చుని చదివే రిఆయత్ కూడా మన దీన్‌లోనే ఉంది. సందేహముంటే మీ ఇమామ్ సాహెబ్‌ను అడగండి. నొప్పిని దాచుకుని చదవాల్సిన అవసరం లేదు.

కసరత్, నెమ్మదిగా

టెండన్ పడవ మోకు లాంటిది. ఒక్క తేడా ఏమిటంటే, మోకు వాడేకొద్దీ అరిగిపోతుంది, టెండన్‌కి జాన్ ఉంది కాబట్టి తగినంత బరువు తగినంత నెమ్మదిగా ఇస్తే గట్టిపడుతుంది. అందుకే ఆరామ్ ఒక్కటే చాలదు. నొప్పి కాస్త నెమ్మదించగానే కసరత్ మొదలవ్వాలి.

మొదటి వారాల్లో రెండే రెండు. ఒకటి, బాగున్న చెయ్యి బల్లమీద ఆనించి, నడుం ముందుకు వంచి, నొప్పి చెయ్యిని గడియారం లోలకంలా వేలాడదీసి ఒక నిమిషం ఊపడం. చెయ్యి తనంతట తాను ఊగాలి, మనం ఊపేది ఒంటిని. బోస్టన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్మన్ పేరుతో ఇది ప్రపంచమంతా తెలుసు. ఆయన 1934లోనే భుజం మీద ఒక పెద్ద కితాబ్ రాశాడు. రెండోది, బల్ల దగ్గర కూర్చుని అరచెయ్యి కింద రుమాలు పెట్టుకుని, బల్ల తుడుస్తున్నట్టు ముందుకూ వెనక్కీ జరపడం, పదిసార్లు.

అది అలవాటయ్యాక ఇంకో మూడు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో చీమ పాకినట్టు పైకి పాకించడం. రెండు రెక్కలూ వెనక్కి దగ్గరగా లాగి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. మోచెయ్యి నడుముకు ఆనించి మడిచి, చేతి వెనకభాగాన్ని దర్వాజా చట్రానికి ఆనించి బయటికి నొక్కడం. చట్రం కదలదు, చెయ్యీ కదలదు, కండరం మాత్రం పనిచేస్తుంది. పది అంకెలు లెక్కపెట్టాలి, ఐదుసార్లు చేయాలి.

ఆ తర్వాతే బరువు. అరలీటరు బాటిల్ నిండా నీళ్ళు పోస్తే అరకిలో. దాన్ని పట్టుకుని చెయ్యి ముందుకు భుజం ఎత్తు వరకు నెమ్మదిగా లేపి, అంతకంటే నెమ్మదిగా దించాలి. కొన్ని వారాల తర్వాత లీటరు బాటిల్.

ఎంత నొప్పి వస్తే ఆపాలి? రూపాయిలో పావలా నొప్పి పర్వాలేదు. అర్ధరూపాయికి చేరితే ఆపండి. మర్నాటి పొద్దుటికి నొప్పి మామూలు స్థాయికి రాకపోతే నిన్న ఎక్కువ చేశారని అర్థం, ఇవాళ సగం చేయండి. రోజుకు మూడుసార్లు చాలు. ఫజ్ర్, జుహ్ర్, ఇషా తర్వాత అని పెట్టుకుంటే మరిచిపోయే సమస్యే లేదు.

ఇందులో కష్టమైనది సబర్. ఆరు వారాలకు కొంత ఫరక్ తెలుస్తుంది, పూర్తి ఫలితం చూడాలంటే 12 వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. పది రోజులు చేసి "కుచ్ ఫాయిదా నహీ" అని వదిలేస్తే లోపం కసరత్‌ది కాదు.

"రోజంతా బస్తాలు మోసేవాడికి మళ్ళీ కసరత్ ఎందుకు?" అని కొందరు నవ్వుతారు. పని వేరు, కసరత్ వేరు. పనిలో బరువు ఎంతో మేస్త్రీ నిర్ణయిస్తాడు, ఎప్పుడు ఆపాలో లారీ నిర్ణయిస్తుంది. కసరత్‌లో ఆ రెండూ నొప్పి పడుతున్న మనిషి చేతిలో ఉంటాయి.

పెద్ద ఇలాజ్‌ల సంగతి

చాలా ఏళ్ళు డాక్టర్లు భుజంపైన ఎముక టెండన్‌ను ఒరుసుకోవడమే నొప్పికి కారణమని నమ్మారు. 1972లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ ఆ ఎముక అంచు చెక్కే ఆపరేషన్‌ను ప్రచారంలోకి తెచ్చాడు. తర్వాత లక్షలమందికి చేశారు. దాన్ని గట్టిగా పరీక్షించింది మాత్రం ఈ మధ్యనే. బ్రిటన్‌లో 313 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి నిజంగా ఎముక చెక్కారు, ఒక గుంపుకి లోపలికి దుర్బీను పెట్టి చూసి కుట్టేశారు, మూడో గుంపుకి ఏమీ చేయలేదు. 2018లో ఫలితం వచ్చింది. చెక్కినవాళ్ళకూ ఊరికే చూసినవాళ్ళకూ తేడా లేదు. ఏమీ చేయనివాళ్ళ కంటే వీళ్ళు కొద్దిగా మెరుగే గానీ, రోగికి తెలిసేంత మెరుగు కాదు. ఫిన్లాండ్ డాక్టర్లు అదే ఏడాది ప్రచురించిన పరీక్ష కూడా ఊరికే చూడటం కంటే చెక్కడంలో పనికొచ్చే మెరుగు లేదనే తేల్చింది. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల కమిటీ ఈ రకం నొప్పికి ఆ ఆపరేషన్ వద్దని గట్టిగా సిఫారసు చేసింది.

నాకు ఇంకా ముఖ్యంగా తోచింది 2021లో వచ్చిన మరో బ్రిటిష్ పరీక్ష. 708 మందిలో కొందరికి ఫిజియోథెరపిస్ట్ ఆరుసార్ల వరకు కూర్చోబెట్టి కసరత్ నేర్పారు. మిగతావాళ్ళకు ఒకే ఒక్కసారి అన్నీ వివరంగా చెప్పి ఇంటికి పంపారు. ఏడాది తర్వాత చూస్తే రెండు గుంపులూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి. స్టెరాయిడ్ సూది మొదటి వారాల్లో కొంత ఊరట ఇచ్చింది గానీ, ఏడాదికి దాని అసర్ ఏమీ మిగల్లేదు. మన గరీబ్ ఇళ్ళకు ఇంతకంటే ఖుష్‌ఖబర్ ఏముంది? ఒక్కసారి తెలిసినవాళ్ళ దగ్గర సరిగ్గా నేర్చుకుని ఇంట్లో క్రమంగా చేస్తే చాలు. పది, ఇరవై సిట్టింగుల ప్యాకేజీకి అప్పు చేయక్కర్లేదు.

ఎంఆర్‌ఐ గురించి కూడా ఒక మాట. 1995లో అమెరికాలో ఏ నొప్పీ లేని 96 మంది భుజాలను స్కాన్ చేస్తే మూడో వంతు మందికి టెండన్ చిరుగు కనిపించింది, 60 దాటినవాళ్ళలో సగానికి పైగా. నొప్పి లేనివాళ్ళకే ఉన్న చిరుగును చూసి నొప్పికి అదే కారణమని హడలిపోతే ఎలా? తల వెంట్రుకలు తెల్లబడినట్టే టెండన్ కూడా ముసలిదవుతుంది.

మాలిష్ తప్పని నేననను. గోరువెచ్చని రోగన్‌తో నెమ్మదిగా రాస్తే కండరానికి హాయి. గట్టిగా నొక్కడం, పటుక్కుమనేలా చెయ్యి లాగడం మాత్రం వద్దు. నొప్పి గోలీలు డాక్టర్ చెప్పిన కొద్ది రోజులకే. బీపీ, షుగరు, కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్ళు అడగకుండా మింగకూడదు. షుగరున్నవాళ్ళకు స్టెరాయిడ్ సూది వేస్తే కొన్ని రోజులు షుగరు పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

ఇంట్లో కూర్చోకూడని సందర్భాలు

కింద పడ్డాక, లేదా ఒక్క ఝట్కా తర్వాత చెయ్యి అసలు లేవకపోతే రోజులు గడవనివ్వకుండా ఎముకల డాక్టర్‌కి చూపించాలి. టెండన్ పూర్తిగా తెగి ఉండొచ్చు, అలాంటప్పుడు ఆపరేషన్ అవసరం పడొచ్చు. భుజం ఆకారం మారినా, ఎర్రగా వేడిగా వాచి జ్వరం వచ్చినా ఆలస్యం వద్దు. గడ్డ తగిలినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా పరీక్ష చేయించాలి. నొప్పి మోచెయ్యి దాటి వేళ్ళదాకా జివ్వుమంటూ తిమ్మిరెక్కితే మూలం మెడలో ఉండొచ్చు. ఎదుటివాళ్ళు ఎత్తినా చెయ్యి లేవనంతగా బిగుసుకుపోతే అది ఫ్రోజెన్ షోల్డర్. షుగరున్నవాళ్ళకు ఎక్కువగా వస్తుంది, దాని ఇలాజ్ వేరు. ఎడమ భుజం లాగుతూ ఛాతీ బరువెక్కి, చెమటలు పట్టి, ఆయాసం వస్తే ఈ వ్యాసం పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి, అది దిల్ సంగతి.

ఆరామ్ ఎవరివ్వాలి?

ఇప్పుడు అసలు మాట. పోర్టులో, స్టీల్ ప్లాంట్‌లో పర్మినెంట్ నౌక్రీ ఉన్నవాళ్ళకు జీతంతో సెలవులున్నాయి, సొంత ఆసుపత్రులున్నాయి. కాంట్రాక్టు మజ్దూర్‌కి? నొప్పి అంటే రేపు గేటు పాస్ ఉండదేమో అన్న ఖౌఫ్. 2021లో ప్లాంట్ ప్రైవేటు పరం చేస్తామన్న ప్రకటన వచ్చినప్పటి నుంచీ ఆ భయం ఇంకా పెరిగింది. అందుకే నొప్పిని దాచుకుంటారు.

వాళ్ళలో చాలామందికి తమ హక్ తెలియదు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ కటింగ్ పడుతున్నవాళ్ళకు, చందా రోజులు నిండి ఉంటే, డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వచ్చే కానూన్ ఉంది. మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. జీతం స్లిప్పులో కటింగ్ కనబడుతుంటే ఆ సెలవు ఖైరాత్ కాదు, మీరు కట్టిన పైసల సెలవు. ఈఎస్‌ఐ లేని రోజుకూలీకి ఆ ఆసరా కూడా లేదు. అలాంటివాళ్ళను పనిలో పెట్టుకున్న మన దుకాణదార్ భాయీలకూ మేస్త్రీలకూ నా గుజారిష్ ఒకటే. పని మాన్పించకండి, మూడు వారాలు పని మార్చండి. పైకెత్తే పని ఇంకొకరికిచ్చి, ఇతనికి కింది పని ఇవ్వండి. పనోడు చేతికి ఎదిగొచ్చేసరికి మంచాన పడితే నష్టం మీదే.

ఇంట్లో ఉన్న ఔరత్‌కి ఈఎస్‌ఐ లేదు, మేస్త్రీ లేడు. ఆమెకు సెలవివ్వాల్సింది ఇంటివాళ్ళే. హుజూర్ (స.అ.స.) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనిలో చెయ్యి కలిపేవారని హజ్రత్ ఆయిషా (ర.అ.) చెప్పిన సంగతి ఎన్ని బయానుల్లో వినలేదు మనం? విని సుబ్‌హానల్లాహ్ అంటాం, ఇంటికొచ్చి "చాయ్" అని కేకేస్తాం. అమ్మీకి భుజం నొప్పి అని తెలిసిన రోజు నుంచి బకెట్లు కొడుకులు మోయాలి. దుప్పట్లు ఇద్దరు పట్టుకుని పిండాలి. రోజూ వాడే గిన్నెలు అటక దిగి నడుం ఎత్తుకు రావాలి. రోటీల పిండి కొన్నాళ్ళు ఎవరైనా మగవాళ్ళు పిసకవచ్చు, ఇజ్జత్ ఏమీ తగ్గదు. దుల్హన్ భుజానికీ ఇదే లెక్క, అత్తగారి భుజానికి ఒక రూలు, కోడలి భుజానికి ఇంకో రూలు ఉండకూడదు.

కసరత్ కూడా ఆమెకు వదిలేయకండి. పది నిమిషాలు ఆమెను ఎవరూ పిలవకుండా చూడండి. పిల్లలతో అంకెలు లెక్కపెట్టించండి. 12 వారాలు అంటే మూడు నెలలు. ఇన్నేళ్ళు ఇల్లు మోసిన భుజం కోసం ఇల్లంతా కలిసి మూడు నెలలు నిలబడలేదా?

ఇవాళ ఇషా తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళను ఒకసారి చెయ్యి పైకెత్తమని అడగండి. ఎవరి చెయ్యి సగంలో ఆగిందో చూసి, రేపటి బకెట్ ఎవరు మోయాలో అప్పుడే మాట్లాడుకోండి. అల్లాహ్ అందరికీ షిఫా ఇవ్వాలి. ఆమీన్.